వాటా ఉంది, విలువ లేదు: కుటుంబ కంపెనీల్లో చిన్న వాటాదారుల పోరు

లండన్‌లో ఇద్దరు వ్యాపారులు పర్షియన్ తివాచీలు అమ్మేవారు. ఏళ్ల తరబడి భాగస్తులు, లాభం చెరి సగం. 1958లో ఆ వ్యాపారాన్ని వెస్ట్‌బోర్న్ గ్యాలరీస్ అనే ప్రైవేట్ కంపెనీగా మార్చుకున్నారు. చెరి 500 షేర్లు, ఇద్దరూ డైరెక్టర్లే. కొంతకాలానికి ఒకాయన కొడుకు వ్యాపారంలోకి వచ్చాడు. ఆ అబ్బాయికి ఇద్దరూ తలా 100 షేర్లు ఇచ్చారు. దాంతో లెక్క 400, 400, 200 అయింది. రెండో భాగస్తుడు ఎబ్రహిమి ఆ వంద షేర్లు ఇచ్చిన రోజున తన సగం పెత్తనం కూడా ఇచ్చేశానని అనుకొని ఉండడు. 1969లో తండ్రీకొడుకులు కలిసి ఓటేసి ఆయన్ని డైరెక్టర్ పదవి నుంచి తీసేశారు.

చట్టం చూస్తే అందులో తప్పేమీ లేదు. సాధారణ తీర్మానంతో, అంటే సగానికి మించిన ఓట్లతో, డైరెక్టర్‌ని తొలగించే హక్కు మెజారిటీకి ఉంది. ఆయన షేర్లు ఆయన దగ్గరే ఉన్నాయి, ఎవరూ లాక్కోలేదు. కానీ ఆ కంపెనీ ఏనాడూ డివిడెండ్, అంటే వాటాదారులకు లాభంలో పంపకం, ఇవ్వలేదు. లాభమంతా డైరెక్టర్ల జీతాల రూపంలోనే పంచుకునేవారు. అంటే డైరెక్టర్ కుర్చీ పోయిన రోజునే ఆయన ఆదాయం మొత్తం పోయింది. 400 షేర్లు కాగితాలుగా మిగిలాయి. బయటివాళ్లకి అమ్ముకుందామన్నా, షేర్ల బదిలీని ఒప్పుకోవాల్సింది మళ్లీ ఆ డైరెక్టర్లే.

1972లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ కంపెనీని మూసేయమని తీర్పిచ్చింది. కంపెనీ అనే చట్టపరమైన రూపం వెనక మనుషులు ఉంటారని, వాళ్ల మధ్య ఉన్న హక్కులు, నమ్మకాలు, బాధ్యతలు ఆ రూపంలో పూర్తిగా కలిసిపోవని లార్డ్ విల్బర్‌ఫోర్స్ చెప్పారు. ఎబ్రహిమి కేసుగా పేరుబడ్డ ఈ తీర్పును కామన్ లా దేశాల్లో, అంటే ఇంగ్లండ్ తరహా న్యాయవ్యవస్థ ఉన్న దేశాల్లో, కంపెనీ లా చదివే విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. యాభై ఏళ్లు దాటినా కుటుంబ కంపెనీల గొడవల్లో సగం ఇదే కథ, పేర్లే వేరు.

స్టాక్ మార్కెట్లో షేర్లు అమ్ముడయ్యే పెద్ద లిస్టెడ్ కంపెనీలో యాజమాన్యం నచ్చకపోతే షేర్లు అమ్ముకుని బయటపడొచ్చు. ధర తగ్గినా దారంటూ ఒకటి ఉంటుంది. కుటుంబ కంపెనీలో ఆ దారి లేదు. షేర్లకు మార్కెట్ ఉండదు. కుటుంబం బయటివాళ్లకు అమ్మకూడదని, అమ్మితే ముందు మిగతా వాటాదారులకే చెప్పాలని నియమావళిలో రాసి ఉంటుంది. ఆ నియమం మంచి ఉద్దేశంతో పెట్టుకున్నదే, ముక్కూమొహం తెలియనివాళ్లు లోపలికి రాకూడదని. మనస్పర్థలు మొదలయ్యాక అదే తాళం అవుతుంది. లోపల ఉన్న చిన్న వాటాదారుకు జీతం ఉండదు, డివిడెండ్ ఉండదు, కొనేవాడూ ఉండడు. ఏదో ఒకరోజు విసిగిపోయి అవతలివాళ్లు చెప్పిన ధరకు సంతకం పెట్టడమే మిగులుతుంది. చట్టం వాడే అణచివేత అనే పెద్ద మాట వెనక ఉన్న అసలు సంగతి చాలాసార్లు ఇంతే. షేరు లాక్కోవడం అవసరం లేదు, దాని నుంచి వచ్చేవన్నీ ఆపేస్తే చాలు.

ఆపేసే పద్ధతులు పైకి చాలా మామూలుగా కనిపిస్తాయి. లాభాలు బాగానే ఉన్నా విస్తరణ పేరు చెప్పి ఏళ్ల తరబడి డివిడెండ్ ప్రకటించరు. అదే సమయంలో పెత్తనం చేసేవాళ్ల జీతాలు, కార్లు, ప్రయాణాలు పెరుగుతూ పోతాయి. కంపెనీ సరుకంతా పెద్దన్న కొడుకు పెట్టిన ఇంకో కంపెనీ ద్వారా అమ్ముడవుతుంది, లాభం అక్కడ ఆగిపోతుంది. కంపెనీ స్థలాన్ని తక్కువ అద్దెకు బంధువులకు ఇస్తారు, లేదా బంధువుల స్థలాన్ని ఎక్కువ అద్దెకు తీసుకుంటారు. లెక్కలు అడిగితే ఆడిటర్‌ని అడగమంటారు, ఆడిటర్ని అడిగితే బోర్డు అనుమతి కావాలంటాడు.

నోటీసుల సంగతి కాస్త దగ్గరగా చూడాలి. భారత కంపెనీల చట్టం 2013 ప్రకారం బోర్డు సమావేశానికి కనీసం 7 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 12 నెలల్లో జరిగిన బోర్డు సమావేశాల్లో ఒక్కదానికీ రాని డైరెక్టర్ పదవి, సెలవు అడిగినా అడగకపోయినా, దానంతటదే ఖాళీ అవుతుంది. ఈ రెండు నియమాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వేరుపడిన చెల్లెల్ని బోర్డు నుంచి తీసేయడానికి తీర్మానం కూడా అక్కర్లేదని అర్థమవుతుంది. ఆవిడ ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి చిరునామాకు ఏడాది పాటు నోటీసులు పంపిస్తే చాలు. రికార్డులో నోటీసు పంపినట్టు ఉంటుంది, ఆవిడ రాలేదని మినిట్స్‌లో ఉంటుంది, ఆ తర్వాత పదవి ఖాళీ అయిందని కంపెనీల రిజిస్ట్రార్‌కు ఫారం వెళ్తుంది. ఆవిడకు ఈ సంగతి బయటి మనిషి ఎవరో కంపెనీ వివరాలు ఆన్‌లైన్‌లో చూసి చెబితే తెలుస్తుంది. ఇలాంటి కేసుల్లో పోస్టల్ రసీదు, మెయిల్ ఐడీ, కవరు మీద ముద్ర వంటివి పెద్ద పెద్ద న్యాయసూత్రాల కన్నా ఎక్కువ పని చేస్తాయి.

అన్నిటికన్నా పదునైన ఆయుధం కొత్త షేర్లు జారీ చేయడం. ఒక కంపెనీలో 10,000 షేర్లు ఉన్నాయనుకుందాం, అందులో ఒక సోదరివి 3,000. కంపెనీ అసలు విలువ ప్రకారం షేరు ఖరీదు 1,000. బోర్డు ముఖవిలువకే, అంటే షేరు 10 చొప్పున, కొత్తగా 20,000 షేర్లు జారీ చేస్తుంది. ఆఫర్ లెటర్ ఆలస్యంగా అందడం వల్లో, డబ్బు సర్దుబాటు కాకో, ఇంకా డబ్బు పోస్తే అదీ పోతుందన్న భయంతోనో ఆమె తీసుకోలేదు. మిగతావాళ్లే మొత్తం తీసుకున్నారు. ఆమె 30 శాతం వాటా 10 శాతానికి పడిపోయింది. కంపెనీ మొత్తం విలువ ఒక కోటి నుంచి కోటీ 2 లక్షలకు పెరిగింది, అంతే. షేరు విలువ మాత్రం 340కి దిగింది. ఆమె చేతిలో 30 లక్షల విలువైన షేర్లు ఇప్పుడు 10 లక్షల 20 వేలు. దాదాపు 20 లక్షలు ఒక్క సంతకం లేకుండా, ఒక్క దొంగతనం లేకుండా ఆమె నుంచి మిగతావాళ్లకు చేరాయి. అందుకే ఇలాంటి జారీ జరిగినప్పుడు కోర్టులు ముందు అడిగే ప్రశ్న, కంపెనీకి నిజంగా ఆ డబ్బు అవసరమా, లేక వాటాల లెక్క మార్చడానికే ఇది చేశారా అని. డేల్ అండ్ కారింగ్టన్ కేసులో మేనేజింగ్ డైరెక్టర్ తనకు తానే షేర్లు కేటాయించుకుని, అప్పటిదాకా మెజారిటీలో ఉన్న వ్యక్తిని మైనారిటీ చేశాడు. 2004లో భారత సుప్రీంకోర్టు ఆ కేటాయింపును నిలబెట్టలేదు. షేర్లు జారీ చేసే అధికారం కంపెనీ మేలు కోసం డైరెక్టర్లకు అప్పగించిన నమ్మకమని, సొంత పట్టు పెంచుకోవడానికి వాడుకోకూడదని చెప్పింది.

ఈ రక్షణలన్నీ మొదటి నుంచీ ఉన్నవి కావు. 1843లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఫాస్ వర్సెస్ హార్బాటిల్ తీర్పు, కంపెనీకి నష్టం జరిగితే కేసు వేయాల్సింది కంపెనీయే అంది. కంపెనీ తరఫున నిర్ణయించేది మెజారిటీ. నష్టం చేసిందీ మెజారిటీయే అయితే చిన్న వాటాదారుకు చాలాసార్లు మిగిలింది కంపెనీని మూసేయమని అడగడం ఒక్కటే. బంగారు గుడ్లు పెట్టే బాతును కోయమని అడగడం లాంటిది అది. ఈ చిక్కును విప్పడానికి 1948లో బ్రిటన్ తన కంపెనీల చట్టంలో 210వ సెక్షన్ పెట్టింది. కంపెనీని మూయకుండానే అణచివేతను సరిదిద్దే అధికారం కోర్టుకు వచ్చింది. 1956 భారత చట్టంలోని 397, 398 సెక్షన్లు ఆ ఒరవడిలోనివే. ఇప్పుడు ఆ స్థానంలో 2013 చట్టంలోని 241, 242 సెక్షన్లు ఉన్నాయి, విచారించేది నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్. కెనడా ఫెడరల్ చట్టంలో కూడా అణచివేత సెక్షన్ నంబర్ 241 కావడం యాదృచ్ఛికమే అయినా ఈ విషయం చదివేవాళ్లకు గుర్తుండిపోతుంది.

పాత 210వ సెక్షన్ కింద వచ్చిన ఒక కేసు కుటుంబ కంపెనీల గురించి ఎన్నో పుస్తకాలు చెప్పలేనిది చెబుతుంది. హెచ్. ఆర్. హార్మర్ కంపెనీ తపాలా బిళ్లల వ్యాపారం చేసేది. దాన్ని కట్టిన తండ్రికి అప్పటికి 88 ఏళ్లు. షేర్లలో చాలా భాగం కొడుకులకు ఇచ్చాడు, ఓటింగ్ బలం మాత్రం తనూ భార్యా ఉంచుకున్నారు. బోర్డు తీర్మానాలు ఆయన లెక్కలోకే రావు. కొడుకులు వద్దంటున్నా ఆస్ట్రేలియాలో శాఖ తెరిచాడు. సిబ్బంది మీద నిఘా పెట్టడానికి డిటెక్టివ్‌ని పెట్టాడు. నా వ్యాపారం, నా ఇష్టం అన్నది ఆయన నమ్మకం. అందులో దురుద్దేశం లేదు, డబ్బు ఆశ లేదు. అయినా అది అణచివేతే అని 1958లో అప్పీలు కోర్టు తేల్చింది. ఆదేశం కూడా ఎంతో ఆలోచించి ఇచ్చింది. తండ్రిని జీవితాంతం కంపెనీకి ప్రెసిడెంట్‌గా ఉంచాలి, కానీ ఆ పదవికి విధులూ అధికారాలూ ఉండవు. సలహాదారుగా జీతం ఇవ్వాలి, కంపెనీ వ్యవహారాల్లో బోర్డు నిర్ణయానికి విరుద్ధంగా జోక్యం చేసుకోకూడదు. ఆయన గౌరవం నిలబడింది, కొడుకుల పని సాగింది. తండ్రి పేరు మీద బతికే కంపెనీలో ఆ తండ్రిని ఎలా పక్కకు జరపాలో ఇంత మర్యాదగా చెప్పిన ఆదేశం అరుదు.

అయితే ప్రతి కష్టమూ అణచివేత కాదు, ఇది చాలామంది పిటిషనర్లకు ఆలస్యంగా తెలిసే విషయం. 1965లో కళింగ ట్యూబ్స్ కేసులో భారత సుప్రీంకోర్టు, మెజారిటీ మీద నమ్మకం పోవడం ఒక్కటే సరిపోదని చెప్పింది. తీరు కఠినంగా, అన్యాయంగా, నిజాయితీ లోపించినట్టుగా ఉండాలి, పిటిషన్ వేసే నాటికి కూడా కొనసాగుతూ ఉండాలి. 1981లో నీడిల్ ఇండస్ట్రీస్ కేసులో విదేశీ వాటాదారుకు రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకే ముందుగా కొత్త షేర్లు ఇవ్వజూపడం) లెటర్ సకాలంలో అందలేదు. అయినా అది అణచివేత కాదని కోర్టు అంది. కానీ అంతటితో వదిలేయలేదు. ఆమె వాటాకు రావాల్సిన 9,495 షేర్లలో ఒక్కోదాని మార్కెట్ విలువ 190, ముఖవిలువ 100, మధ్య తేడా మొత్తం 8,54,550 రూపాయలు విదేశీ వాటాదారుకు కట్టమంది. అణచివేత రుజువు కాకపోయినా న్యాయం చేయొచ్చని చూపిన తీర్పుగా అది నిలిచింది. 2021లో టాటా సన్స్ కేసులో 18.37 శాతం వాటా ఉన్న షాపూర్‌జీ పల్లోంజీ గ్రూప్ వాదన నెగ్గలేదు. ఛైర్మన్‌ని తీసేయడం అనేది దానికదే అణచివేత కాదని సుప్రీంకోర్టు తేల్చింది, ఆ కంపెనీని భాగస్వామ్యం లాంటిదిగా చూడటానికీ ఒప్పుకోలేదు. ఎబ్రహిమికి దక్కిన న్యాయం ఆ 'భాగస్వామ్యం లాంటిది' అన్న ఆలోచన మీదే ఆధారపడిందని గమనిస్తే ఈ తేడా ఎంత ముఖ్యమో తెలుస్తుంది. నలుగురు అన్నదమ్ములు కూర్చుని మాట మీద మొదలుపెట్టిన కంపెనీకి వర్తించేది పెద్ద సంస్థకు వర్తించదు.

ఇంగ్లండ్‌లో 1999 నాటి ఓ'నీల్ వర్సెస్ ఫిలిప్స్ కేసు కూడా ఇలాంటి గీతే గీసింది. నాకు ఇష్టం లేదు, నా వాటా కొనండి అని ఎప్పుడు పడితే అప్పుడు అడిగే హక్కు చిన్న వాటాదారుకు లేదు. అవతలివాళ్లు మాట తప్పి ఉండాలి, లేదా చట్టాన్ని న్యాయం ఒప్పుకోని విధంగా వాడి ఉండాలి. అదే తీర్పులో ఇంకో ఉపయోగమైన మాట ఉంది. మెజారిటీ ముందే సరైన ధరకు, స్వతంత్ర నిపుణుడు కట్టిన విలువకు (వాల్యుయేషన్) కొంటామని చెబితే కేసు అక్కడే ఆగిపోవచ్చు. న్యాయంగా ఆలోచించే మెజారిటీకి ఇది గొప్ప రక్షణ. చిన్న వాటాదారులందరూ బాధితులే అనుకోవడం కూడా తప్పు. ధర పెంచుకోవడానికే కేసు వేసి బ్యాంకు రుణాలకు అడ్డుపడేవాళ్లు ఉంటారు.

దేశాన్ని బట్టి, అమెరికాలో అయితే రాష్ట్రాన్ని బట్టి జవాబు మారిపోతుంది. మసాచుసెట్స్‌లో రాడ్ కుటుంబం చేతిలో ఉన్న ఒక కంపెనీ, రిటైరవుతున్న తండ్రి దగ్గర 45 షేర్లను ఒక్కోటి 800 డాలర్లకు కొంది. అదే ధరకు తన షేర్లూ కొనమని చనిపోయిన ఉద్యోగి భార్య డోనహ్యూ అడిగితే కుదరదంది. 1975లో అక్కడి సుప్రీం జుడిషియల్ కోర్టు, ఇలాంటి చిన్న కంపెనీలో వాటాదారులు ఒకరికొకరు భాగస్తుల్లాగే పూర్తి నిజాయితీతో ఉండాలని, ఒకరికి ఇచ్చిన అవకాశం అందరికీ ఇవ్వాలని చెప్పింది. 2014లో టెక్సాస్ సుప్రీంకోర్టు దాదాపు ఎదురు దారి పట్టింది. అక్కడ కూడా ఒక భార్యే. భర్త చనిపోయాక ఓటున్న షేర్లలో 18 శాతం ఆమె చేతికి వచ్చింది. అమ్ముకుందామని కొనేవాళ్లను వెతికింది. కంపెనీ వాళ్లు ఆ కొనేవాళ్లతో కలవడానికి కూడా ఒప్పుకోలేదు. కింది కోర్టు 73 లక్షల డాలర్లకు ఆమె షేర్లు కొనాలని ఆదేశించింది. రిచీ వర్సెస్ రూప్ పేరుతో నడిచిన ఆ కేసులో పై కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది, అణచివేత పేరుతో అలాంటి దావా తమ రాష్ట్ర చట్టంలో లేదంది. కావాలనుకున్న రక్షణ ఒప్పందంలో రాసుకోవాలి అన్నది ఈ తరహా ఆలోచన. వినడానికి బాగానే ఉంటుంది. కానీ భర్త చనిపోయాక షేర్లు చేతికొచ్చిన మనిషి ఏ ఒప్పందం దగ్గరా బేరమాడలేదు. ఆ ఒప్పందం రాసేనాటికి ఆవిడ ఆ గదిలోనే లేదు.

చివరికి చాలా కేసులు ఒకే చోటికి వస్తాయి. కలిసి ఉండటం కుదరదు, ఒకరి వాటా ఇంకొకరు కొనాలి. భారత సుప్రీంకోర్టు కూడా 2008లో తండ్రీకొడుకులు ఇద్దరే వాటాదారులుగా ఉండి పని ఆగిపోయిన కంపెనీ విషయంలో, ఒకరి షేర్లు మరొకరు కొనాలన్న ఆదేశాన్ని సమర్థించింది. అప్పటి నుంచి అసలు యుద్ధం మొదలవుతుంది, ధర మీద. 8 కోట్ల విలువైన కంపెనీలో 25 శాతం అంటే 2 కోట్లు. కానీ చిన్న వాటాకు పెత్తనం ఉండదు కాబట్టి 30 శాతం తగ్గించాలని ఒక నిపుణుడు అంటాడు. ధర కోటీ 40 లక్షలకు వస్తుంది. షేర్లకు మార్కెట్ లేదు కాబట్టి ఇంకో 25 శాతం తగ్గించమంటాడు. మిగిలేది కోటీ 5 లక్షలు. దాదాపు సగం పోయింది. పెత్తనం తీసేసిందీ, మార్కెట్ లేకుండా చేసిందీ కొనేవాళ్లే అయినప్పుడు ఆ తగ్గింపు లాభం వాళ్లకే ఇవ్వడం న్యాయమని ఏ కోణంలో చూసినా అనిపించదు. ఇంగ్లండ్ కోర్టులు భాగస్వామ్యం లాంటి కంపెనీల్లో సాధారణంగా ఈ తగ్గింపు వేయవు. కాని ప్రతిసారీ అలా జరగదు. ఇంగ్లండ్‌లోనే 2006 నాటి ఇర్విన్ కేసులో బతికున్న సోదరుడి చేతిలో 50.04 శాతం, చనిపోయిన సోదరుడి కుటుంబం వైపు 49.96 శాతం ఉన్నాయి. బతికున్న సోదరుడు తనకు తాను విపరీతమైన జీతం తీసుకుంటూ వాళ్లకు అన్యాయం చేశాడని కోర్టు ఒప్పుకుంది. అయినా వాల్యుయేషన్ దగ్గర 49.96 శాతాన్ని చిన్న వాటాగానే చూసి 30 శాతం తగ్గించింది. వెయ్యిలో ఒక వంతు కూడా లేని తేడాకు అంత ఖరీదు.

వాల్యుయేషన్ ఏ తేదీ నాటిది అన్నదీ అంతే కీలకం. పిటిషన్ వేసిన రోజా, ఆదేశం వచ్చిన రోజా, లేక తప్పు మొదలవడానికి ముందా? మధ్యలో కంపెనీ ఆస్తులు పక్క కంపెనీకి వెళ్లిపోతే తేదీ మారిన కొద్దీ కోట్లు మారతాయి.

ఇంకో బాధ కాలం. హాంకాంగ్‌లోని పేరున్న యుంగ్ కీ రెస్టారెంట్ వ్యవస్థాపకుడు 2004లో చనిపోయాక అన్నదమ్ముల మధ్య గొడవ ముదిరింది. 45 శాతం వాటా ఉన్న అన్న 2010లో కోర్టుకెక్కాడు. ఆ రెస్టారెంట్ షేర్లను పట్టుకున్న హోల్డింగ్ కంపెనీ బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో నమోదైంది కాబట్టి హాంకాంగ్ కోర్టుకు విచారించే అధికారం ఉందా లేదా అన్న వాదనతోనే ఏళ్లు గడిచాయి. 2012లో అన్న చనిపోయాడు. 2015లో అత్యున్నత కోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది, ఒకరి వాటా ఇంకొకరు కొనే ఒప్పందానికి 28 రోజులు సమయమిచ్చి, కాకపోతే కంపెనీని మూసేయమంది. గెలిచిన మనిషి ఆ తీర్పు చూడలేదు. ఆలస్యం ఎప్పుడూ లోపల ఉన్నవాళ్ల వైపే ఉంటుంది. జీతాలు వాళ్లకు వస్తూనే ఉంటాయి, చాలాసార్లు లాయర్ ఫీజులు కూడా కంపెనీ ఖాతా నుంచే పోతాయి. అంటే బయట ఉన్న వాటాదారు తనమీద జరిగే వాదనకు తన వాటా మేరకు తానే ఖర్చు భరిస్తున్నట్టు. కంపెనీ డబ్బు ఈ గొడవకు వాడకూడదని మధ్యంతర ఆదేశం అడగడం అందుకే ముఖ్యం.

భారత చట్టంలో పిటిషన్ వేయడానికి 10 శాతం షేర్లు ఉండాల్సిందే అని చాలామంది అనుకుని ఆగిపోతారు. షేర్ క్యాపిటల్ (షేర్ల ద్వారా కూడిన మూలధనం) ఉన్న కంపెనీలో 100 మంది సభ్యులు లేదా మొత్తం సభ్యుల్లో పదో వంతు, ఏది తక్కువైతే అది, సరిపోతుంది. జారీ చేసిన మూలధనంలో పదో వంతు ఉన్నా సరిపోతుంది. కుటుంబ కంపెనీలో సభ్యులు ఆరేడుగురే ఉంటే ఒక్క మనిషే తల లెక్కలో పదో వంతు దాటుతాడు, చేతిలో 2 శాతమే ఉన్నా. ఈ లెక్కలు కుదరకపోయినా ట్రిబ్యునల్‌ని మినహాయింపు అడగొచ్చు.

మొదట్లోనే రాసుకుంటే చాలా గొడవలు ఇంత దూరం రావు. లాభంలో కనీసం ఇంత శాతం డివిడెండ్‌గా ఇవ్వాలి, కొత్త షేర్లు ఇవ్వాలంటే అందరి వాటాదారుల సంతకం కావాలి, బంధువుల కంపెనీలతో లావాదేవీకి ఆ బంధుత్వం లేని వాటాదారు ఒప్పుకోవాలి, చనిపోయినవాళ్ల వారసులు కోరితే తగ్గింపు లేని ధరకు ఇన్నాళ్లలో కొనాలి అని వాటాదారుల ఒప్పందంలో పెట్టుకోవచ్చు. ముఖ్యమైనవి కంపెనీ నియమావళిలో కూడా చేర్చాలి, లేకపోతే కంపెనీ మాకు తెలియదంటుంది. ఇద్దరే సమాన వాటాదారులైతే ఇంకో పద్ధతి ఉంది. ఒకరు షేరు ధర చెబుతారు, ఆ ధరకు అమ్మాలా కొనాలా అన్నది రెండోవాళ్లు ఎంచుకుంటారు. తనే కొనాల్సి రావచ్చని, తనే అమ్మాల్సి రావచ్చని తెలిసిన మనిషి ధరను మరీ తగ్గించలేడు, మరీ పెంచలేడు. ఒకరి దగ్గర డబ్బుండి ఇంకొకరి దగ్గర లేకపోతే మాత్రం ఈ పద్ధతీ బలవంతుడికే పనికొస్తుంది. అందుకే డబ్బు సర్దుకోవడానికి ఆరు నెలలో ఏడాదో గడువు కూడా అదే కాగితంలో రాసుకోవాలి.